చల్లారేదాకా

పూర్తిగా విప్పి బిగించిన బైక్ ఇంజన్ నాలుగో కిక్కుకే అందుకుంటే ఏ మెకానిక్ చెయ్యి ఊరుకుంటుంది? నా చెయ్యీ ఊరుకోలేదు. ఎక్సలేటర్ రెండుసార్లు గట్టిగా తిప్పాను. మూడోసారి తిప్పబోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కిల్ స్విచ్ నొక్కేసింది. వర్క్‌షాప్ అంతా తెల్లటి పొగ. పెద్దాయన ఒక్క మాట తిట్టలేదు. నా గ్లవ్ తీయమని సైగ చేసి, నా అరచేతిని సిలిండర్ మీద పెట్టించి, "కోల్డ్" అన్నాడు. అంతే, వెళ్ళి తన పని చూసుకున్నాడు.

తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

నేనిక్కడికి వచ్చి మూడు నెలలైంది. పెద్దాయన అరవై దాటిన మనిషి. మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమన్నాడు. నాకా నోరు రాదు. సర్ అంటే, ఎవర్నో పిలుస్తున్నానని వెనక్కి తిరిగి చూస్తాడు. అందుకని మూడు నెలలుగా ఆయన్ని ఏమీ పిలవకుండానే, దగ్గుతూ నెట్టుకొస్తున్నాను. అలాంటి మనిషి చేత మాట పడటం, అదీ ఒకే ఒక్క మాట, ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అసలు నేను చేసిన పనిలో వంక పెట్టడానికేమీ లేదు. పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపే పెట్టాను. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్పులు పాతవి వాడలేదు, కొత్తవి వేశాను. రింగును ఖాళీ సిలిండర్లో పెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూశాకే ఎక్కించాను. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీసి, కిక్ రాడ్‌ను చేత్తోనే నెమ్మదిగా నొక్కి, పిస్టన్ ఎక్కడా పట్టకుండా తిరుగుతోందో లేదో చూశాను. ప్లగ్గును హెడ్‌కు ఆనించి నిప్పు వస్తోందో లేదో చూశాను.

ఆయిల్ సంగతిలో నేను తప్పు చేస్తానని పెద్దాయన అనుకున్నట్టున్నాడు, కలుపుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. నాకు చెయ్యి తిరిగింది యమహా ఆర్‌ఎక్స్ 100 మీద. దానికి ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది, ఎంత కావాలో దాని పంపు చూసుకుంటుంది. మట్టి దారుల్లో నడిపే ఈ టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌కు అదేమీ లేదు. పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. మేం ఈ బండికి 32 పాళ్ళ పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ కలుపుతాం, అంటే 5 లీటర్లకు 156 మిల్లీలీటర్లు. ఆయిల్ లేని పెట్రోల్ పోశామంటే కొత్త పిస్టన్ కొన్ని నిమిషాల్లో గోవిందా. గేరుబాక్సులో పోసిన ఆయిల్ ఇంజన్ పైభాగానికి ఎందుకూ పనికిరాదు. అదంతా సరిగ్గానే చేశాను లెండి.

మూడు కిక్కులకు పలకలేదు. బిగించేటప్పుడు సిలిండర్ గోడలకు రాసిన ఆయిల్‌తో ప్లగ్గు తడిసింది. తీసి తుడిచి పెట్టి, చోక్ లాగి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా కొట్టాను. అందుకుంది. ఆ తర్వాత జరిగింది చెప్పాను కదా.

మన షెడ్లలో ఇంజన్ పని అయ్యాక బండిని రైజ్ చేయకుండా ఎవరైనా వదులుతారా? కస్టమర్ పక్కనే ఉంటాడు. ఆ మోత వినిపిస్తేనే పని జరిగిందని అతనికి నమ్మకం. సిలిండర్ బోర్ కొట్టించిన బండిని కొన్నాళ్ళు నెమ్మదిగా నడపమని చెప్పేవాళ్ళం. కానీ చెప్పే ముందు మేం మాత్రం ఒకసారి మోగించేవాళ్ళం. దాని వల్ల ఏ బండీ పాడవలేదని నాలో నేనే వారం రోజులు వాదించుకున్నాను.

పెద్దాయన ఇంజన్ ఆపేసిన మర్నాడు పొద్దున నా బెంచీ మీద పాత పిస్టన్ ఒకటి కనిపించింది. దాని చుట్టూ నాలుగు చోట్ల నిలువుగా గీరుకుపోయి ఉంది. పక్కన చీటీ కూడా లేదు. అర్థమైంది. పిస్టన్ అల్యూమినియం, మంట సూటిగా తగిలేది దానికే. ఈ బండిలో సిలిండర్‌ను చల్లబరిచే నీళ్ళింకా చల్లగానే ఉంటాయి. చల్లటి ఇంజన్‌ను రైజ్ చేస్తే సిలిండర్ కన్నా ముందే పిస్టన్ ఉబ్బుతుంది. ఉబ్బితే రెండింటి మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు ఏం చాలుతుంది? నాలుగు మూలలా రాసుకుని పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్‌కు నీళ్ళే లేవు, గాలితో చల్లబడే ఇంజన్. అందుకే మేం బతికిపోయామేమో.

ఇక్కడి పద్ధతి ఇదీ. స్టార్ట్ చేయాలి. ఒకే స్పీడు మీద ఉంచకుండా ఎక్సలేటర్ కాస్త కాస్త ఇస్తూ తగ్గిస్తూ ఉండాలి. సిలిండర్ బాగా వెచ్చబడ్డాక ఆపేయాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, హెడ్ నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడాలి. నాకు ఒళ్ళు మండేది ఆ ఆగడం దగ్గరే. జాబ్ షీట్‌లో దానికో గడి కూడా ఉంది. చల్లారడానికి జీతమిచ్చే చోటు ఇదొక్కటే చూశాను. అన్నీ కాగితం మీద రాయించే ఈ మనిషి వేడి మాత్రం అరచేత్తో చూస్తాడు, థర్మామీటర్ డ్రాయర్లోనే ఉంటుంది.

ఆదివారం మా గురువుకు ఫోన్ చేసి ఇదంతా వెళ్ళగక్కాను. నా తరఫున మాట్లాడతాడనుకున్నాను. పడీ పడీ నవ్వాడు.

"ఏరా, సాయంత్రం స్టార్టయిన బండిని పొద్దున్న గానీ ఎందుకిచ్చేవాణ్ణనుకున్నావు?"

"డబ్బులు తేలక అనుకున్నాం గురువుగారూ."

"మీరంతా వెళ్ళాక రెండుసార్లు స్టార్ట్ చేసి ఆపేవాణ్ణి. పొద్దున్నే వచ్చి నట్లు చూసుకునేవాణ్ణి."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావేంట్రా?"

అక్కడ ఆయనా చెప్పలేదు, ఇక్కడ ఈయనా చెప్పడు. ఆరేళ్ళు ఆయన దగ్గర ఉన్నాను. ఆ రాత్రుళ్ళలో ఒక్కరోజైనా ఉండిపొమ్మంటే ఉండేవాణ్ణి కాదా? ఏమో, ఉండేవాణ్ణి కాదేమో. ఆరు కొట్టగానే చేతులు కడుక్కున్న వాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

నిన్న ఇంకో బండి తయారైంది. రెండో కిక్కుకే అందుకుంది. ఎక్సలేటర్ జోలికి వెళ్ళకుండా, గ్లవ్ తీసి అరచెయ్యి సిలిండర్ మీద పెట్టి నిలబడ్డాను. పెద్దాయన అవతల బెంచీ దగ్గర కార్బరేటర్ జెట్‌లోకి గాలి ఊదుతున్నాడు. ఇటు తలెత్తి చూడలేదు. ఒక్కసారి చూస్తే ఏం పోయేదో.