మెడ వంచి తీసిన ఎక్స్‌రే

బుధవారం, రాత్రి పదిన్నర

అమ్మ ఇప్పుడే పడుకుంది. తలకింద రెండు దిండ్లు సర్దుకుంటుంటే ఒకటి లాగేశాను. "రెండు లేకుంటే నాకు నిద్ర పట్టదు పాపా" అని కాసేపు గొణిగి ఊరుకుంది.

పొద్దున ఏడింటికే అలిపిరి రోడ్డు వైపు ఆటోలో బయల్దేరాం. వచ్చే నెల అమ్మకు మోకాలి ఆపరేషన్. దానికి మత్తు డాక్టరమ్మ చూసి సరే అనాలి. రక్తపరీక్షలు, ఈసీజీ అన్నీ ఫైల్లో ఉన్నాయి, పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. ఆమె ఫైలు తిరగేస్తూ ఆగి, "రుమటాయిడ్ ఎన్నేళ్ల నుంచి?" అని అడిగారు. కీళ్లు వాచే ఆ జబ్బు అమ్మకు వచ్చి పదిహేడేళ్లు అన్నాను. "మెడ ఎక్స్‌రే ఏది?"

ఉంది. తల వెనక నొప్పి అంటే నిరుడు ఒక చోట తీయించాం. స్పాండిలైటిస్, వయసుతో వచ్చేదే అని మాత్రలు రాసి పంపారు. డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశారు. "ఇది నిటారుగా నిలబెట్టి తీసిందమ్మా. ముందుకు వంచి ఒకటి, వెనక్కి ఎత్తి ఒకటి కావాలి. ఆమె అంతట ఆమె ఎంత వంచగలిగితే అంతే. ఎవరూ చెయ్యి పెట్టి వంచొద్దు" అని చీటీ మీద కూడా రాశారు.

గంటన్నర తర్వాత ఫిల్ములు వచ్చాయి. నిటారుగా ఉన్నప్పుడు మెడలో పైనున్న మొదటి పూసకీ, రెండో పూస కొమ్ముకీ మధ్య సందు రెండు మిల్లీమీటర్లు. వంచితే ఆరు. పెద్దవాళ్లలో మూడు దాటకూడదట. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా నిటారు ఫిల్ములో ఎక్కడా కనపడదు.

మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి ఒక కొమ్ము పైకి లేచి ఆ ఉంగరంలో నిలబడుతుంది. మనం తల అటూ ఇటూ తిప్పడంలో దాదాపు సగం అక్కడే జరుగుతుంది. కొమ్ము వెనక్కి జారకుండా వెనక నుంచి ఒక గట్టి పట్టీ కట్టినట్టు ఉంటుంది, దాని వెనకే వెన్నుపాము. డాక్టరమ్మ బొమ్మ గీసి చూపిస్తుంటే అమ్మ, "తిరగలి మేకు మాదిరి" అంది. "అంతేనమ్మా, మేకు వదులైంది" అన్నారామె.

వేళ్ల కీళ్లలో వాచే పొరే అక్కడా ఉంటుందట. అది ఏళ్ల తరబడి వాచి పట్టీని సాగదీస్తుంది, ఎముకను కూడా తినేస్తుంది. మామూలు మెడనొప్పిలో అరిగేది ఎక్కువగా కింది పూసల మధ్య డిస్కులు. దానికీ దీనికీ సంబంధం లేదు, కానీ మనం అన్నిటికీ స్పాండిలైటిస్ అనే ఒక్క పేరు పెట్టేస్తాం. జబ్బు పాతదైనకొద్దీ, మందులు ఆలస్యమైనకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. మెథోట్రెక్సేట్ లాంటి, ఆ జబ్బును అదుపు చేసే మందులు మొదట్లోనే మొదలుపెట్టేవాళ్లలో ఇప్పుడు ఇది తగ్గిందట. అమ్మకు మొదటి మూడేళ్లూ తైలాలతో, నొప్పి బిళ్లలతో గడిచాయి. ఆ మూడేళ్లు ఈ రోజు గుర్తొచ్చినంతగా ఎప్పుడూ రాలేదు.

తర్వాత వరసగా అడిగారు. నడిస్తే తూలుతుందా? చేతులు తిమ్మిరెక్కుతాయా? గుండీలు పెట్టుకోగలరా? కిందికి చూస్తే కరెంటు కొట్టినట్టు ఉంటుందా?

"పూలు కట్టేటప్పుడు వీపులో జివ్వుమంటుంది" అంది అమ్మ. "దసరా నుంచి."

నేను అమ్మ వైపు తిరిగాను. నాతో ఒక్కసారీ అనలేదు. ఏముందిలే, ఒక్క క్షణమే కదా అనుకుందట. జాకెట్టు హుక్కులు కూడా అప్పటి నుంచే నేను పెడుతున్నాను. వేళ్ల వాపనుకున్నాను. కానీ ఈ ఏడాది వేళ్లు వాచనే లేదు. రోజూ ఆ చేతులు పట్టుకుని చూసేదాన్ని, ఆ తేడా ఎట్లా పట్టుకోలేకపోయానో!

ఇంకొకటి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. ఉగాదికి ముందు, మెడ లాగి సరిచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్దామని పట్టుబట్టింది నేనే. ఆ రోజు అమ్మకు జ్వరం వచ్చి ఆగిపోయాం. ఇట్లాంటి మెడను లాగితే, విరిస్తే వెన్నుపాము నలిగిపోవచ్చు. మత్తులోనూ ముప్పు అందుకే. కండరాలు సడలి మెడకు ఆసరా ఉండదు, ఆ సమయంలో గొంతులోకి ఊపిరి గొట్టం వేయడానికి తల కదిలించాలి. ముందే తెలిస్తే జాగ్రత్తగా వేసే పద్ధతులున్నాయి. తెలియకపోతేనే కష్టం.

శనివారం ఎంఆర్ఐ. అది చూసి వెన్నెముక సర్జన్ చెబుతారు, ఆ రెండు పూసల్నీ స్క్రూలతో కలిపేయాల్సి వస్తుందో లేదో. మోకాలి ఆపరేషన్ వాయిదా. మెత్తటి కాలరు ఇచ్చారు. పూస జారకుండా ఆపేంత బలం దానికి లేదు, తల ఊపొద్దని గుర్తు చేయడానికే అన్నారు. కాళ్లు బలహీనపడినా, ఒంటేలు పోయడంలో తేడా వచ్చినా ఆ క్షణమే రమ్మన్నారు.

తిరిగొచ్చేటప్పుడు స్పీడుబ్రేకర్ వచ్చిన ప్రతిసారీ "అన్నా, మెల్లగా" అంటూనే ఉన్నాను. ఆయన పాపం ఇంటిదాకా అట్లాగే తోలాడు. దారిలో కొండ కనబడగానే అమ్మ చేతులు జోడించింది. అలవాటుగా తల వంచబోయి, కాలరు గడ్డానికి తగిలి ఆగింది. కళ్లు మాత్రం మూసుకుంది.

సాయంత్రం కనకాంబరాలు, మరువం ముందేసుకుని కూర్చుంది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. డైనింగ్ టేబుల్ మీద పీట వేసి, దాని మీద పూల బుట్ట పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాను. పూలు కళ్లకు ఎదురుగా వచ్చాయి. దారం రెండుసార్లు జారింది. మూడోసారి ముడి పడింది. జివ్వుమందా మా అని అడిగితే, "ఇట్లా కూర్చుంటే రాలేదే" అంది.

ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో పెద్దక్షరాలు రాసిపెట్టాను: మెడ పైపూస వదులు. మత్తుకు ముందు చూడండి.