పది గంటల అలారం

ఈ రోజు పొద్దున తిన్న పది నిమిషాలకే నా హెపటైటిస్ బి మాత్ర వేసుకున్నాను. ఇదీ ఒక రాసుకునే సంగతేనా అంటే, నాకు సంగతే. ఆరేళ్లుగా కడుపు ఖాళీ అయిందా లేదా అని గడియారం చూసుకుని మరీ మాత్ర మింగినదాన్ని. మెతుకులింకా గొంతు దిగకముందే మాత్ర చేతిలోకి తీసుకుంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది. కొత్త డబ్బా మీద "ఆహారంతో పాటు" అని రాసి ఉంది. రెండుసార్లు చదివాను. ఆ తర్వాత చీటీ తీసి డాక్టరు గారి రాత కూడా చూశాను. అప్పుడు మింగాను.

పాత మందు ఎంటెకావిర్, అర మిల్లీగ్రాము. తిన్నాక రెండు గంటలు ఆగాలి, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ తినకూడదు. అందుకని రాత్రి ఎనిమిదిలోపు భోజనం ముగించడం, పదింటికి మాత్ర, ఆపైన నిద్ర. ఫోన్లో ఆ అలారానికి "పరగడుపు" అని పేరు పెట్టుకున్నాను. రాత్రి పదింటికి పరగడుపేంటమ్మా అని మా అమ్మాయి నవ్వేది. మాట సరైంది కాదని నాకూ తెలుసు, కానీ ఇంకో మాట దొరకలేదు.

లివర్‌ని పట్టుకునే ఈ హెపటైటిస్ బి వైరస్ నాకు ఉందని తెలిసింది కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షల్లో. అప్పుడు లివర్ ఎంజైములు మామూలుగానే ఉన్నాయి కాబట్టి మందులేమీ ఇవ్వలేదు, గమనిస్తూ ఉందామన్నారు. పాప పుట్టిన రోజే టీకా, దాంతో పాటు వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వేశారు. పాపకి రాలేదు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎంజైములు పెరిగి మందు మొదలుపెట్టింది మాత్రం ఆరేళ్ల కిందట. ఆ రోజు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, మిల్లీలీటరుకి నాలుగు కోట్ల ఇరవై లక్షల యూనిట్లు. అంత పెద్ద సంఖ్య నా పేరు పక్కన ఇంకెక్కడా చూడలేదు, బ్యాంకు పుస్తకంలో అయితే అసలే లేదు.

మందు బాగానే పనిచేసింది. ఏడాదికి 6,400. రెండో ఏడాది 540. ఆ తర్వాత 210, 130. కోట్ల నుంచి వందల్లోకి వచ్చిందంటే ఎవరైనా సంతోషించాలి, నేనూ సంతోషించాను. కానీ నేను ఎదురుచూసే మాట ఒకటుంది: "టార్గెట్ నాట్ డిటెక్టెడ్", వైరస్ కనపడలేదు అని. అది మాత్రం రాలేదు. రిపోర్టు ఫోన్‌కి వచ్చిన ప్రతిసారీ ముందు పేరు, వయసు, తేదీ ఉన్న భాగం చూసి, ఆ కింది గడిని బొటనవేలితో కప్పి, మెల్లగా వేలు తీసేదాన్ని. పరీక్ష ఫలితాల రోజు పిల్లలు చేసే పని. నలభై ఏడేళ్ల దాన్ని.

పోయినేడాది ఆ సంఖ్య ఉన్నట్టుండి 310 అయింది. డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి, "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?" అన్నారు.

"రోజూ పదింటికి సార్. ఒక్క రోజు కూడా మానలేదు."

"భోజనం ఎన్నింటికి?"

అక్కడ ఆగాను. ఉద్యోగం మారాక ఇంటికి చేరేసరికే తొమ్మిదవుతోంది. తొమ్మిదింపావుకి తిని పదింటికి మాత్ర. అలారం ప్రకారం వేసుకుంటున్నాను కదా అని మనసుకి సర్ది చెప్పుకున్నాను. రెండు గంటల ఎడం ముప్పావు గంట అయిపోయిన సంగతి అలారానికేం తెలుస్తుంది? అన్నంతో పాటు వేసుకుంటే ఈ మందు ఒంటికి పట్టేది దాదాపు ఐదో వంతు తగ్గుతుందట. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, తిరిగి కోపం తెచ్చుకోవడానికి నాకో వీలుండేది. "ముందు ఇది సరిచేద్దాం, మందు సంగతి తర్వాత" అన్నారు.

ఆరు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వేసుకున్నాను. అసలు సిసలు పరగడుపు. 310 కాస్తా 118 అయింది. ఇంకో ఆరు నెలలకి 96. దిగింది గానీ పోలేదు. అంటే తప్పులో నా వాటా కొంత, వైరస్ వాటా కొంత. ఈ లెక్క తేలినందుకు నాకు మనశ్శాంతి దొరికిందని చెబితే వింతగా ఉంటుంది, కానీ దొరికింది. మొత్తం తప్పు నాదే అనుకుని ఏడాది పాటు కుమిలాను మరి.

మందుకి లొంగని రకంగా వైరస్ మారిందేమోనని అడిగాను. మొదటి మందే ఎంటెకావిర్ అయినవాళ్లలో అది చాలా అరుదు, ఐదేళ్లకి నూటికి ఒకరు అన్నట్టు, అని చెప్పారు. లామివుడిన్ అనే పాత మందు వాడి దీనికి మారినవాళ్లకైతే లెక్క వేరు. ఆ పరీక్ష చేద్దామన్నా నా రక్తంలో ఉన్న కాస్త వైరస్ దానికి సరిపోదట. మరి ఆరేళ్లయినా ఎందుకు పోలేదు? దానికి ఆయన చెప్పిన పోలిక నాకు బాగా నచ్చింది. "మన మందులు జెరాక్సు మిషన్ని ఆపుతాయమ్మా. ఒరిజినల్ మాత్రం లివర్ కణం లోపల, కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. దాని జోలికి ఈ మందులు పోలేవు." ఒకటీ అరా కాపీలు ఇంకా బయటికి వస్తున్నాయన్నమాట. ఏ మందైనా సగంలో ఆపేస్తే మిషను మళ్లీ పూర్తిగా నడుస్తుంది, లివర్ వాచిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే పాత మందుకీ కొత్త మందుకీ మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదని మూడుసార్లు చెప్పారు. నిన్న తెల్లవారుజామున పాతదానిలో ఆఖరిది, ఈ పొద్దున కొత్తదానిలో మొదటిది.

అయితే మార్చాల్సిందేనా అన్నదాని మీద పెద్దల మధ్యే ఒక మాట లేదు. వైరల్ లోడ్ రెండు వేల లోపు అలా మిగిలిపోతే అదే మందు కొనసాగించవచ్చు అని అమెరికా లివర్ నిపుణుల సంఘం 2018లో చెప్పింది. చైనా వాళ్ల 2022 మార్గదర్శకాలు మార్చమనో, ఇంకోటి కలపమనో అంటాయి. డాక్టరు గారు ఏదీ దాచకుండా రెండూ నా ముందు పెట్టారు. "వదిలేసినా తప్పు కాదు, మార్చినా తప్పు కాదు" అన్నారు. ఆ క్షణాన నాకు చిరాకేసింది. చదువుకున్నది మీరు, తేల్చాల్సింది నేనా అనుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, అలా చెప్పే డాక్టరు దొరకడమే ఎక్కువేమో అనిపించింది.

మా మేనమామ పోయింది లివర్ క్యాన్సర్‌తో. నన్ను మార్పు వైపు నెట్టింది అదే, మార్గదర్శకాలు కావు. వైరస్ పూర్తిగా అణిగినవాళ్లకంటే ఇలా కొద్దికొద్దిగా మిగిలినవాళ్లలో ఆ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మందు మార్చడం వల్ల ఆ ముప్పు తగ్గుతుందా అన్నది ఇంకా తేలలేదట. వైరస్ సంఖ్య దిగడం మాత్రం చాలామందిలో చూశారు. లివర్ ఎంత గట్టిపడిందో చూపే ఫైబ్రోస్కాన్ 8.4 నుంచి 7.1కి వచ్చింది, లివర్ ఎంజైము 27, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ 0.8. అన్నీ బాగున్నప్పుడు ఎందుకు కదిలించడం అన్నారు మావారు. అన్నీ బాగున్నాయి కాబట్టే ఇప్పుడు అన్నాను నేను. ఇద్దరివీ సరైన మాటలే. మందు వేసుకునేది నేను కాబట్టి నా మాట నెగ్గింది.

కొత్తది టెనోఫోవిర్ అలాఫెనమైడ్, అందరూ టాఫ్ అంటారు. 25 మిల్లీగ్రాములు. దీని పాత రకం 300 మిల్లీగ్రాములు, అది కొందరిలో కిడ్నీల మీద, ఎముకల మీద భారం వేస్తుంది. టాఫ్ రక్తంలో పెద్దగా విడిపోకుండా లివర్ కణాల్లోకి వెళ్లి అక్కడ పనిచేస్తుంది, కాబట్టి రక్తంలో తిరిగే టెనోఫోవిర్ దాదాపు 89 శాతం తక్కువ. ఊరికే ఏదీ రాదు కదా, కొందరిలో బరువు, కొలెస్టరాల్ పెరుగుతాయట. అందుకని కొలెస్టరాల్ ముందే చూసి రాసిపెట్టుకున్నారు. హెచ్‌ఐవి పరీక్ష కూడా చేయించమన్నారు. నాకెందుకది అని ముఖం మాడ్చుకున్నాను. టెనోఫోవిర్ హెచ్‌ఐవి మీద కూడా పనిచేస్తుందట, ఎవరికైనా తెలియకుండా అది ఉండి ఈ ఒక్క మందే వాడితే ఆ వైరస్ మొండిది అవుతుందట. అందరికీ చేసే పరీక్షేనమ్మా అంది సూది గుచ్చే అమ్మాయి, నా ముఖం చూసి. నెగటివ్ వచ్చింది. ముఖం మాడ్చుకున్నందుకు మరుసటిసారి ఆ అమ్మాయితో కాస్త ఎక్కువగా మాట్లాడాను.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. చెప్పకూడదనుకుని చెప్పేశాను.

"మందు మార్చారంటే జబ్బు ముదిరిందా?"

"లేదమ్మా. తగ్గింది. ఇంకా తగ్గుతుందేమోనని."

కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనే మాటే అంది. "నా వల్లేగా నీకీ తిప్పలు."

నాకిది పుట్టేటప్పుడు అమ్మ నుంచే వచ్చింది. అప్పటికి టీకా అన్నదే లేదు. మొదటి టీకాకి అనుమతి వచ్చింది 1981లో. అమ్మకి తన ఒంట్లో ఉన్నదేంటో తెలియదు, అమ్మమ్మకీ తెలియదు. ఇదంతా ఎన్నిసార్లు చెప్పానో. ఈసారి చెప్పలేదు. "నీ వల్ల నాకు జుట్టు కూడా వచ్చింది, దాని గురించి ఎప్పుడూ మాట్లాడవే" అన్నాను. నవ్వింది. నీ లివర్ స్కాన్ ఎప్పుడు అని అడిగితే వచ్చే నెల అంది. ఆరు నెలలకోసారి ఇద్దరం చేయించుకుంటాం, ఎవరు మర్చిపోతే రెండోవాళ్లు గుర్తు చేసేలా.

మందు వల్ల ఒంట్లో తేడా ఏమైనా ఉందా అని రోజంతా గమనించుకున్నాను. మూడింటికి కాస్త తలనొప్పిగా అనిపించింది. మందు వల్లేనని ఖాయం చేసుకునేలోగా, పొద్దున్నుంచి కళ్లజోడు పెట్టుకోలేదని గుర్తొచ్చింది.

రాత్రి పదింటికి అలారం మోగింది. మాత్ర తెల్లవారుజాముకి మార్చి ఏడాదైనా దాన్ని తీసేయలేదు. ఈ రోజు మాత్రం పాత అలవాటుగా లేచి, గ్లాసులో నీళ్లు పోసుకునేదాకా వెళ్లి ఆగాను. వంటింట్లో చీకటిగా ఉంది. డబ్బా మూత తీస్తున్న చప్పుడు.

ఈ సంగతి ఎక్కడా రాయలేదు. నేను రాత్రిపూట మాత్ర వేసుకున్న ఆ ఐదేళ్లూ, పది దాటాక ఇంట్లో ఎవరూ నా ముందు ఏమీ తినేవాళ్లు కాదు. మావారికేమో పడుకునే ముందు ఏదో ఒకటి నోట్లో పడాలి. లైటు వేస్తే నేను చూస్తానని చీకట్లోనే తినేవారు. నాకు తెలియదనుకునేవారు. మూత చప్పుడు కాకుండా తీయడం ఆయనకి ఆ ఐదేళ్లలో రాలేదు. తెల్లవారుజాముకి మారాక కూడా ఆ అలవాటు పోలేదు.

"ఏవండీ, లైటేసుకుని తినండి" అన్నాను.

ఒక క్షణం నిశ్శబ్దం. లైటు వెలిగింది. నోట్లో ఉన్నది మింగి, "నీకూ పెట్టనా?" అన్నారు.

ఆకలి లేదు. అయినా పెట్టమన్నాను. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష. ఆ తేదీ పెట్టుకుని, అలారం పేరు మార్చాను.