డి నంబరు బండి, మా నాయన చెప్పిన మాట

పోయిన గురువారం పొద్దున ఇక్కడ లండన్‌లో పార్కింగ్ డ్యూటీ ఎక్కకముందే మా సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. నల్ల మెర్సిడెస్, బండి ఆపకూడదని గీసిన డబుల్ ఎల్లో లైన్ మీద, సరిగ్గా వీల్‌చైర్లు దిగడానికి ఫుట్‌పాత్‌ను వాలుగా కట్టిన చోట ఆగి ఉంది. దాని వెనక ఒక ముసలామె వీల్‌చైర్‌ను ఆమె కూతురు రోడ్డు మీదకు దింపడానికి అవస్థ పడుతోంది. "నువ్వు ఈ బండి పక్కనుంచే నడిచి వెళ్లావు, జరిమానా టికెట్ ఎందుకు రాయలేదు?" అని అడిగింది. "అది డిప్లొమాటిక్ నంబరు మేడం, మనం ఏమీ చేయకూడదు కదా" అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "చక్రానికి క్లాంప్ తాళం వేయకూడదని చెప్పాం. టికెట్ రాయొద్దని నీకు ఎవరు చెప్పారు?" అంది.

ఎవరు చెప్పారు? ఇక్కడ ఎవరూ చెప్పలేదు. రోజంతా అదే ఆలోచిస్తూ తిరిగాను.

నేను లండన్ వచ్చి రెండేళ్లయింది. మా ఆవిడ నర్సు, ఆమె వీసా మీద వచ్చి ఈ పార్కింగ్ వార్డెన్ పనిలో చేరాను. ఎంబసీలు ఎక్కువుండే వీధులు నా బీటు, కాబట్టి ఈ నంబర్లు రోజూ కనిపిస్తాయి. మన దగ్గర అయితే నీలం ప్లేటు మీద తెల్ల అక్షరాలు, హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ వైపు వెళ్లిన వాళ్లు సి.సి. అని ఉన్న బండ్లు చూసే ఉంటారు. ఇక్కడ ప్లేటు రంగు అందరిదీ ఒకటే. మూడు అంకెలు, మధ్యలో ఒక అక్షరం, మళ్లీ మూడు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అంకెలను బట్టి అది ఏ దేశానిదో, ఏ సంస్థదో తెలుస్తుంది. మధ్యలో డి ఉంటే దౌత్యవేత్త, ఎక్స్ ఉంటే ఎంబసీలో మిగతా సిబ్బంది, అంతర్జాతీయ సంస్థల వాళ్లు.

ఈ బండ్లకు రక్షణ వచ్చింది 1961 నాటి వియన్నా ఒప్పందం నుంచి. ఎంబసీ బండిని పోలీసులు సోదా చేయకూడదు, జప్తు చేయకూడదు, దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. ఇది అవసరమే, దాన్ని నేను కాదనను. పడని దేశంలో పనిచేసే మనవాళ్ల బండిని రోజుకో సాకుతో ఆపి డిక్కీ తెరిపించి పరువు తీయకుండా కాపాడేది కూడా ఆ నంబరే. కానీ అదే ఒప్పందంలో 41వ ఆర్టికల్ ఉంది: ఉన్న దేశం చట్టాలను గౌరవించడం వాళ్ల బాధ్యత. ముందుమాటలోనే ఈ సౌకర్యాలు మనుషుల సొంత లాభానికి కాదు, పని సాఫీగా జరగడానికి అని రాసి ఉంది. అంటే బలవంతం చేయలేం, అంతవరకే. అడగకూడదని ఎక్కడా లేదు. రాత్రి ఇంటికొచ్చి ఇదంతా చదువుతుంటే నాకు సిగ్గేసింది, ఎందుకంటే నేను ఆ బండిని చూసి తల తిప్పుకున్నది వియన్నా ఒప్పందం గుర్తొచ్చి కాదు.

మా నాయన కడప డిపోలో ఆర్టీసీ డ్రైవరు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి ఆయన బస్సులో ఇంజను పక్కన కూర్చుని ఉన్నాను. ఏడు రోడ్ల దగ్గర ఒక పెద్దాయన కారు అడ్డంగా ఆగి ఉంది, ముందర ఎర్ర బోర్డు. నాయన రెండుసార్లు హారన్ కొట్టాడు. గన్‌మన్ బస్సెక్కి, ప్యాసింజర్లందరి ముందు నాయన చొక్కా పట్టుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు నాయన నాతో చెప్పిన మాట ఒకటే: "బోర్డుండే బండి జోలికి పోవద్దురా, కండ్లు పక్కకు తిప్పుకోని పో." 2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు తీసేశారు గానీ ఆ మాట నాలో నుంచి పోలేదు, ఇన్ని వేల మైళ్లు దాటి వచ్చినా నా కండ్లు వాటంతటవే పక్కకు తిరిగాయి.

అట్లని మా ఊరిని ఇక్కడివాళ్ల ముందు తక్కువ చేయను. మా వీధిలో అయితే ఆ అవ్వను కుర్చీతో సహా నలుగురు ఎత్తి అవతల పెట్టేవాళ్లు, ఇక్కడ పక్కనుంచి పోయినవాళ్లలో ఒక్కరూ చెయ్యి వేసినట్టు లేదు, ఫోటో మాత్రం వచ్చింది. ఈ మాట సూపర్‌వైజర్‌తో అందామనుకున్నాను, అనలేదు. పక్కనుంచి పోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి కదా.

ఆ గురువారం మధ్యాహ్నమే తోటి వార్డెన్ ఒకతను ఇంకో సంగతి ఎత్తాడు. లండన్ నడిబొడ్డులోకి కారు తెస్తే కట్టాల్సిన కంజెషన్ చార్జి 2003లో మొదలైంది, కొన్ని ఎంబసీలు దాన్ని కట్టవు. 2024 మేలో బయటపెట్టిన లెక్క ప్రకారం బాకీ మొత్తం 14 కోట్ల పౌండ్లకు పైనే. అమెరికా మొదటిది, 1.46 కోట్లు, తర్వాత జపాన్, మూడోది మన హైకమిషన్, 85 లక్షలకు పైనే. నాకు రోషం వచ్చింది. ఎంబసీలు దాన్ని పన్ను అంటున్నాయి, దౌత్యవేత్తలకు పన్ను లేదని 34వ ఆర్టికల్, ఇందులో మనవాళ్లు ఒక్కరే కాదు, ముందు అమెరికాను అడుగు అని గట్టిగానే వాదించాను. లండన్ రవాణా సంస్థ మాత్రం ఇది పన్ను కాదు, సేవకు తీసుకునే రుసుము అంటుంది, సేవకు రుసుము కట్టాలని అదే ఆర్టికల్‌లో ఉంది. ఇంటికి పోయాక నా వాదన నాకే నిలవలేదు. అమెరికా కట్టలేదు కాబట్టి మనం కట్టనక్కర్లేదు అనడం ఏం న్యాయం? పైగా పార్కింగ్ జరిమానా సంగతిలో ఆ పన్ను వాదన కూడా లేదు. బ్రిటన్ విదేశాంగ శాఖ కట్టమని అడుగుతుంది, కట్టని వాళ్ల పేర్లు పార్లమెంటు ముందు పెడుతుంది. అడగడం అంటే అదీ.

డబ్బు పోతే పోయింది, ప్రాణం పోయినప్పుడు ఏంటి? 2019 ఆగస్టు 27న ఇక్కడ నార్తాంప్టన్‌షైర్‌లో రాంగ్ సైడులో వచ్చిన కారు గుద్ది, బైకు మీద వస్తున్న హ్యారీ డన్ అనే 19 ఏళ్ల పిల్లోడు చనిపోయాడు. కారు నడిపినామె అమెరికా ఉద్యోగి భార్య, రక్షణ ఉందని దేశం దాటిపోయింది. ఆ తల్లిదండ్రులు మూడేళ్లు పోరాడితే 2022 డిసెంబరులో 8 నెలల శిక్ష పడింది, అదీ జైలుకు పోనక్కర్లేని శిక్ష. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దేశపు దౌత్యవేత్త ఒకతను తాగి నడిపి 16 ఏళ్ల అమ్మాయి చావుకు కారణమైతే జార్జియా అతని రక్షణ వదులుకుంది, అతను జైలుకు పోయాడు. రక్షణ ఆ దేశానిది, మనిషిది కాదు కాబట్టి దేశం తలుచుకుంటే వదులుకోవచ్చు. మా తమ్ముడు రోజూ బైకు మీద ప్రొద్దుటూరు పోయి వస్తాడు. హ్యారీ ఫోటో చూసినప్పటి నుంచి వాడే గుర్తొస్తున్నాడు.

శనివారం అదే వీధి, అదే వాలు దగ్గర ఇంకో డి నంబరు బండి. ఏ దేశానిదో చెప్పను. నంబరు కొట్టేటప్పుడు చేతులు వణికిన మాట నిజం. ఫోటోలు తీసి, టికెట్ కవరు వైపర్ కింద పెడుతుండగా డ్రైవరు వచ్చి ప్లేటు చూపించాడు. "తెలుసు సార్, క్లాంప్ వేయను. వీల్‌చైర్లు ఇక్కడే దిగాలి, బండి తీయండి" అన్నాను. అతను కవరు తీసి జేబులో పెట్టుకుని బండి ముందుకు తీసుకెళ్లాడు.

రాత్రి నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"రాసినావా?"

"రాసినా నాయనా."

"నిన్ను ఏం అన్లేదా?"

"ఏం అన్లేదు. బండి తీసుకోని పోయినాడు."

అమ్మ పక్కనుంచి తిన్నావా అని అడుగుతోంది. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి, మళ్లీ అదే అడిగాడు.

"నిజంగానే ఏం అన్లేదా?"