ఆరువేల ఎనిమిది వందల కోసం ఒక ఆదివారం

సెప్టెంబరు 14, 2025. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల గడువు రేపటితో ఆఖరు. జులై 31ని ఈసారి సెప్టెంబరు 15కి జరిపారు కదా అని మేమూ పని జరుపుకుంటూ వచ్చాం. పొద్దున ఏడింటికే తెనాలి నుంచి నాన్న ఫోన్. "అమ్మాయ్, నా ఇన్‌కమ్ టాక్స్ సంగతి ఇవాళైనా చూస్తావా?" రేపు దాటితే వెయ్యి రూపాయల లేటు ఫీజు. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు.

నిజానికి నాన్న కట్టాల్సిన పన్ను సున్నా. పెన్షనూ, ఎఫ్‌డీ వడ్డీ కలిపి ఐదున్నర లక్షలు దాటవు. కొత్త విధానంలో చూసినా సున్నాయే, పాత విధానంలో చూసినా సున్నాయే. కానీ వడ్డీ 68,000 వచ్చేసరికి బ్యాంకు వాళ్లు పది శాతం చొప్పున 6,800 పన్ను కింద ముందే పట్టేశారు. రిటర్ను వేస్తేనే అవి వెనక్కి వస్తాయి. పట్టుకోవద్దని పోయినేడాది ఏప్రిల్‌లోనే నాన్న ఎండలో వెళ్లి 15హెచ్ ఫారం ఇచ్చి వచ్చారు. కౌంటర్లో తీసుకుని ట్రేలో పెట్టారట. ఆ ట్రేలోంచి కంప్యూటర్‌లోకి మాత్రం ఎక్కలేదు. ఆ ఒక్క కాగితం ఎక్కి ఉంటే ఆ 6,800 నాన్న దగ్గరే ఉండేవి.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంటి వరండాలో టీచర్లు బారులు తీరేవాళ్లు. ఎల్ఐసీ రసీదులు, ఇంటద్దె రసీదులు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు. నాన్న పెన్సిల్‌తో లెక్క వేసి, ఇంత పడుతుంది మాస్టారూ అని తేల్చేసేవారు. అప్పట్లో ఊళ్లో సగం మంది టీచర్ల పన్ను చూసిన మనిషి ఇప్పుడు తన పన్నుకి నామీద ఆధారపడటం ఆయనకి నచ్చదు. అందుకే ప్రతి అంకెకీ "ఎందుకలా?" అంటారు.

ఉచితంగా ఫైల్ చేయిస్తాం అని పెద్దక్షరాల్లో రాసుకున్న ఒక ప్రైవేటు సైటు ఉందని ఆఫీసులో ఎవరో చెబితే ముందు అది తెరిచాను. చూడముచ్చటగా ఉంది. పాన్ కొట్టాను, పెన్షన్ లెక్క ఉండే ఫారం 16 ఎక్కించాను, వడ్డీ నింపాను. గంట పట్టింది. ఆఖరి బటన్ దగ్గర ఆగింది. మీకు డివిడెండ్ ఆదాయం ఉంది కాబట్టి మీకు ఉచిత ప్లాన్ వర్తించదు, 799 రూపాయలు, పైన జీఎస్టీ. డివిడెండా! ఎప్పుడో నాన్న స్నేహితుల మాట విని కొన్న షేర్లు నాలుగు ఉన్నాయి. వాటి మీద ఏడాది మొత్తానికి 212 రూపాయలు వచ్చాయి. ఆ 212 చూపించడానికి దగ్గర దగ్గర 943 కట్టాలి. నాన్నకి చెబితే "పెళ్లి భోజనానికి పిలిచి విస్తరాకుకి డబ్బులడిగినట్టుంది" అన్నారు. మూసేశాను. ఆ గంట అలా పోయింది.

ఇక ప్రభుత్వ సైటే గతి. అక్కడ నిజంగానే పైసా అడగరు. పాస్‌వర్డ్ ఒకటి కావాలి. అది పోయినేడాది పెట్టాను, ఎక్కడా రాసుకోలేదు. ఆధార్ ఓటీపీతో మార్చుకోవచ్చు. అయితే నాన్న ఆధార్‌కి ఉన్నది అమ్మ నంబరు. అమ్మ ఫోన్ పట్టుకుని పక్కవీధిలో సత్యనారాయణ వ్రతానికి వెళ్లింది. ఫోన్ చేస్తే ఎత్తదు, పూజలో ఉంది. రెండు కథలయ్యాయట, ఇంకా మూడున్నాయి. నేను కుక్కర్ పెట్టుకుని కూర్చున్నాను.

పన్నెండు దాటాక అమ్మ ప్రసాదంతో సహా ఇంటికి చేరింది. ఓటీపీ పంపించాను.

"వచ్చింది. ఇందులో ఎవరికీ చెప్పొద్దని రాశారే?"

"నాకు చెప్పొచ్చమ్మా."

"ఏమండీ, దీనికి చెప్పొచ్చా?"

నాన్న అనుమతి ఇచ్చేలోపు దాని టైము అయిపోయింది. మరొకటి తెప్పించాం.

లోపలికి వెళ్లాక సగం వివరాలు ముందే నింపి ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పెన్షన్, వడ్డీ, పట్టుకున్న 6,800 అన్నీ సరిగ్గా ఉన్నాయి. మళ్లీ ఆ 212 దగ్గరే ఆగాను. డివిడెండ్ ఎంతో చెబితే చాలదు, ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పాలి. జూన్ 15 వరకు ఎంత, సెప్టెంబరు 15 వరకు ఎంత, డిసెంబరు 15, మార్చి 15, చివరికి మార్చి 31. ఏడాదిని ఐదు ముక్కలు చేసి పెట్టారు. నాన్న పాస్‌బుక్కు తెచ్చుకుని, కళ్లజోడు పెట్టుకుని, వెతికి వెతికి "ఆగస్టులో 140, ఫిబ్రవరిలో 72" అన్నారు. మొత్తం సరిపోయింది. ఆయన గొంతులో అప్పుడు వరండా హెడ్‌మాస్టరు వినిపించాడు.

అసలు గొడవ బ్యాంకు ఖాతా దగ్గర. రిఫండ్ ఏ ఖాతాలో పడాలో దాన్ని సైటు ముందు సరిచూస్తుంది, పాన్ కార్డు మీది పేరూ ఖాతాలో పేరూ కలవాలి. ఇక్కడ మన తెలుగు పేర్ల సంగతి తెలిసిందేగా. నాన్నకి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా. పాన్‌లో ఇంటిపేరు చివర. ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరం, దాని తర్వాత వెంకట కూడా పొడి అక్షరమే. మనిషి ఒక్కడే, కాగితాల మీద ముగ్గురు. పేరు కలవలేదంటూ ఎర్రక్షరాలు వచ్చాయి. ఊళ్లో అందరూ ఇంటిపేరు పెట్టి పిలిచే మనిషికి కంప్యూటర్ ముందు ఇంటిపేరే అడ్డమొచ్చింది.

పెన్షన్ పడే ఖాతా ఇద్దామన్నాను. దాంట్లో పేరు పూర్తిగా ఉంది. నాన్న ఒప్పుకోలేదు.

"పట్టుకున్నది ఆ ఖాతాలో వడ్డీ. తిరిగి ఆ ఖాతాలోకే రావాలి."

"ఎందులో పడినా మీ డబ్బే కదా నాన్నా."

"లెక్క అంటే లెక్కే."

పావుగంట నచ్చజెప్పాక అమ్మ మధ్యలో దూరి "పెన్షన్ దాంట్లో వేయించవే, ఆ బ్యాంకు దూరం, ఆటోకి ఎనభై అడుగుతున్నాడు" అంది. లెక్క తెగింది. ఆ ఖాతా ఒక్కసారికే కలిసింది.

సబ్మిట్ కొట్టాక కూడా అయిపోయినట్టు కాదు. ముప్పై రోజుల్లోగా ఈ-వెరిఫై చెయ్యాలి, లేదంటే కాగితం మీద సంతకం పెట్టి బెంగళూరుకి పోస్టులో పంపాలి. సంతకం అనేసరికి నాన్నకి ఉత్సాహం వచ్చింది, పెన్ను తీసుకుంటానన్నారు. వద్దని మళ్లీ అమ్మ ఫోనుకే ఓటీపీ పంపాను. ఈసారి అమ్మ అనుమతి అడక్కుండానే గబగబా చదివేసింది. నాలుగూ పదికి పని పూర్తి. కుక్కర్లో పప్పు చల్లారి గడ్డకట్టింది.

అప్పుడు నాన్న డైరీ తెచ్చుకుని అకనాలెడ్జ్‌మెంట్ నంబరు చెప్పమన్నారు. పీడీఎఫ్ వాట్సాప్‌లో పెడతానన్నా వినలేదు. పదిహేను అంకెలూ ఒక్కొక్కటే చదివాను. రాసుకుని, తిరిగి నాకు చదివి వినిపించారు.

"పద్నాలుగే వచ్చాయి నాన్నా."

"అయితే మళ్లీ మొదట్నుంచి చెప్పు."