నాలుగు లైన్ల ఐటెం

అమెరికాలో పత్రికలకు, సాహిత్యానికి, సంగీతానికి ఇచ్చే పులిట్జర్ బహుమతులు ప్రకటించే రాత్రి మా ఇంట్లో నేనొక్కణ్ణే మేలుకుని ఉంటాను. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. "ఎవరికో అమెరికావాళ్లకి బహుమతులొస్తే మీకెందుకండీ నిద్ర చేటు" అని మా ఆవిడ ఏటా అంటుంది. కైకలూరు దగ్గర పదకొండేళ్లు మండల విలేకరిగా చేసి మానేశాను. ఇప్పుడు జిరాక్సు షాపు. పాత రోగం మాత్రం వదల్లేదు.

మన పేపర్లకు ఈ బహుమతులు గుర్తొచ్చేది "భారత సంతతి" అనే మాట హెడ్డింగులో పెట్టే అవకాశం దొరికినప్పుడే. 2014లో విజయ్ శేషాద్రికి కవిత్వానికి వచ్చింది. ఆయన బెంగళూరులో పుట్టాడని చదివాను, కవిత ఒక్క పాదమైనా ఎక్కడా కనపళ్లేదు. సరే, నేను డెస్కులో ఉన్నా అదే చేసేవాణ్ణేమో.

నాకు బాగా గుర్తున్నది 2017 ఏప్రిల్ 10. సంపాదకీయాల విభాగంలో ఆర్ట్ కల్లెన్ పేరు చదివారు. పేపరు ది స్టార్మ్ లేక్ టైమ్స్. అదే విభాగంలో ఫైనలిస్టులుగా మిగిలిపోయినవాళ్లు వాషింగ్టన్ పోస్ట్, హ్యూస్టన్ క్రానికల్ మనుషులు. ఈ స్టార్మ్ లేక్ ఏమిటా అని వెతికాను. అయోవా రాష్ట్రంలో పదివేల జనాభా ఉన్న ఊరు. పేపరు అప్పట్లో వారానికి రెండుసార్లు వచ్చేది, మూడువేల కాపీలు. పెట్టింది అన్న జాన్, ఎడిటరు తమ్ముడు ఆర్ట్, రిపోర్టరు ఆర్ట్ కొడుకు. మా మండలంలో ఒక్క పేపరే అన్ని కాపీలు పోయేది ఒకప్పుడు!

ఆయన రాసింది నీళ్ల గురించి. అక్కడ మొక్కజొన్న, సోయా పొలాల అడుగున గొట్టాలు వేసి నీళ్లు బయటికి తీస్తారు. ఎరువుల నైట్రేట్ ఆ నీళ్లతోపాటు రకూన్ నదిలో కలుస్తుంది. దిగువన డెమాయిన్ నగరం తాగే నీళ్లలో ఆ నదివీ ఉన్నాయి. నగర నీటి సరఫరా సంస్థ 2015లో ఎగువనున్న మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీద కేసు వేసింది. అందులో కల్లెన్ సొంత కౌంటీ కూడా ఉంది. కౌంటీల లాయర్ల ఖర్చు ఎవరో చాటుగా భరిస్తున్నారు. ఎవరని ఆయన అడిగాడు. చెప్పకపోతే మళ్లీ అడిగాడు. వెనకున్నది పెద్ద పెద్ద వ్యవసాయ కంపెనీల తాలూకు సొమ్మని తేలేదాకా వదల్లేదు. ప్రకటనలిచ్చేవాళ్లు కొందరు, స్నేహితులు కొందరు దూరమయ్యారని ఆ కుటుంబమే చెప్పుకుంది.

ఇది చదువుతుంటే విలేకరిగా నేను రాసిన ఒక ఐటెం గుర్తొచ్చింది. మా దగ్గర వరిచేలు చేపల చెరువులయ్యాక, చేపల పట్టుబడి అయిన ప్రతిసారీ ఆ నీళ్లు కాలువలోకి వదిలేవాళ్లు. కోళ్ల వ్యర్థాలు మేపిన చెరువైతే ఆ కంపు చెప్పనక్కర్లేదు. మంచినీళ్ల చెరువు నింపేది ఆ కాలువతోనే. నాలుగూళ్లు తిరిగి, ఆడవాళ్లతో మాట్లాడి, ఫోటోలతో సహా పంపాను. రాత్రి తొమ్మిదికి డెస్క్ నుంచి ఫోను. "ఏవయ్యా, యాడ్ టార్గెట్ నువ్వే కదా చెయ్యాల్సింది? ఇస్తున్నది ఆ చెరువులవాళ్లే కదా?" మర్నాడు నాలుగు లైన్లు వచ్చింది, "కాలువలో దుర్వాసన" అని. ఎవరి వల్లో లేదు. లైన్ అకౌంటు (అచ్చయిన లైనుకింతని ఇచ్చేది) లెక్కన దానికొచ్చిన డబ్బు పెట్రోలుకు కూడా సరిపోలేదు. కల్లెన్‌కు వచ్చింది 15,000 డాలర్లు. అంతకుముందు ఏడాది వరకూ పదివేలే.

ఈ బహుమతులన్నీ న్యాయంగానే ఇచ్చారని నేననను. ఇవి ఎవరి పేరున ఇస్తారో ఆ జోసెఫ్ పులిట్జరే పెద్ద సంచలనాల వ్యాపారి. 'ఎల్లో జర్నలిజం' అన్న మాట ఆయన పేపరు న్యూయార్క్ వరల్డ్‌లో వచ్చిన పసుపు చొక్కా పిల్లాడి కార్టూన్‌తోనే మొదలైంది. (మన దగ్గర 'ఎల్లో' అంటే పార్టీ రంగు, అది వేరే గొడవ.) ఇక సంగీతం సంగతి. 1965లో జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇమ్మని న్యాయనిర్ణేతలు చెప్తే బోర్డు కాదంది. ముగ్గురిలో ఇద్దరు రాజీనామా చేశారు. ఎల్లింగ్టన్‌కు అప్పటికి అరవయ్యారేళ్లు. మరీ చిన్నవయసులో పేరు రాకుండా విధి తనను కాపాడుతోందని నవ్వేశాడట. చివరికి 1999లో ఇచ్చారు, ఆయన పోయిన పాతికేళ్లకు. నాటకాలదీ నవలలదీ నాకంత పట్టదు. ఒక్కో ఏడు నవలకు ఎవరికీ ఇవ్వకుండా ఊరుకుంటారు, 2012లోలాగా. ఆ తెగువ మాత్రం నచ్చుతుంది. మన దగ్గర శాలువాలు మిగిలిపోతే ఊరుకుంటారా?

మొన్న ఈ కల్లెన్ కథంతా షాపులో ఒక బాబాయ్‌కి చెప్పాను. ఆయనకూ నాలుగెకరాల చెరువుంది. బల్ల మీద మోచేయి ఆనించి శ్రద్ధగానే విన్నాడు.

"ఇంతకీ ఆ కేసు ఏమైందిరా?"

"కొట్టేశారు బాబాయ్. బహుమతికి నెల ముందే."

"మరి నీళ్లో?"

"నీళ్లు అలాగే ఉన్నాయి."

కాసేపు రోడ్డుకేసి చూశాడు. "సర్లే, ఈ ఆధార్ రెండు కాపీలు తియ్యి, రెండువైపులా" అన్నాడు.