తాగి వచ్చే అధికారి కింద ఎనిమిది నెలలు

నిన్న సాయంత్రం ఉత్తరం చేతికి వచ్చింది. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిన వ్యవహారంలో నా తప్పేమీ లేదని అందులో ఉంది. మూడుసార్లు చదువుకున్నాను. ఇదే బాధలో ఉన్నవాళ్లకు పనికి వస్తుందని రాస్తున్నాను.

మా అధికారి తాగుతారని లెక్కల విభాగంలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఉదయం సంతకం పెట్టేటప్పుడు ఆయన కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమి పట్టుకునేవారు. బల్ల మీది స్టీలు సీసాలోంచి నాలుగు గుక్కలు తాగాక వణుకు ఆగేది. మధ్యాహ్నానికి మాట ముద్దగా వచ్చేది, కేకలు మొదలయ్యేవి. ఒకరోజు అందరూ చూస్తుండగా ఫైలు నా మొహాన విసిరారు.

మొదట్లో నేనే ఆయన్ను కాపాడాను. అంకెలు దిద్దాను, ఫోను చేసినవాళ్లతో మీటింగులో ఉన్నారని అబద్ధం చెప్పాను. జాలి అనుకున్నాను. ఆ జాలి వల్లే ఆయన జబ్బు ఇంకొన్ని నెలలు దాగింది.

చివరికి ఆ రెండో చెల్లింపు నా మెడకు చుట్టి, పాత తేదీ వేసి క్షమాపణ రాసివ్వమన్నారు. రాయనన్నాను. మర్నాడే ఫిర్యాదు ఇచ్చాను.

హెచ్‌ఆర్ అధికారిణి గదిలో గడిపిన ఆ అరగంట మాత్రం నేను మరచిపోలేను. 'రోజూ తాగి వస్తారు' అన్న నా మొదటి వాక్యం కింద ఆమె పెన్నుతో గీత గీశారు. "మీరు డాక్టరా? పరీక్ష చేశారా? ఆయనకు ఇంకేదైనా జబ్బు ఉండవచ్చు కదా" అన్నారు. నాకు నోరు పెగలలేదు. అంతలో ఆయన్నే లోపలికి పిలిపించి, నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, నా ఫిర్యాదును పైకి చదివారు. ఆయన నిదానంగా, "ఈమెకు ఇంట్లో ఏవో ఇబ్బందులున్నాయి మేడమ్, నేనే చూసీ చూడనట్టు పోతున్నాను" అన్నారు. ఆవిడ తల ఊపుతూ ఆ మాట రాసుకున్నారు. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఫైలు విసిరిన సంగతి ఎత్తితే, "ఒక్కసారి జరిగినదాన్ని పెద్దది చేయకండి" అన్నారు.

ఒక్కసారి జరిగినా అది హింసే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒడంబడిక ఆ మాటే చెబుతుంది. ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధించకుండా రక్షణ ఉండాలనీ అంటుంది. ఆమోదించిన దేశాలే దానికి కట్టుబడాలి, నిజమే. కానీ నిందితుణ్ణి పక్కన కూర్చోబెట్టి ఫిర్యాదు చదవకూడదని తెలియడానికి ఒడంబడిక కావాలా?

ఆ రాత్రి ఏడ్చాను. తర్వాత కాగితం తీసి 'తాగి' అన్న మాట ఉన్న ప్రతిచోటా కొట్టేశాను. కంటితో చూసినది, చెవితో విన్నదే ఉంచాను. ఎనిమిది నెలలుగా ఇంట్లో రాసుకుంటున్న నోటుపుస్తకం ఉంది నాకు. చెల్లింపు జరిగిన రోజు పేజీలో ఇలా ఉంది: '3.20. మాట అర్థం కావడం లేదు. ఈ బిల్లుకు డబ్బు ఇదివరకే వెళ్లిందని చెప్పాను. నోరు మూసుకుని కూర్చో అన్నారు. పక్కన ఇద్దరున్నారు.' ఆడిటర్లు కంప్యూటర్‌లో చూస్తే ఆయన ఆమోదం 3.25కు నమోదై ఉంది. అంత ఓపికగా రాసినందుకు నన్ను చూసి నేను గర్వపడుతున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు ఏమీ వినలేదన్నారు, రెండో ఆవిడ వచ్చి సాక్ష్యం చెప్పింది. మొదటి వారితో ఇక నాకు మాటల్లేవు.

కాబట్టి జబ్బు పేరు మీరు పెట్టకండి. తేదీ, గంట, దగ్గర ఎవరున్నారు అన్నది రాయండి. ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం రాయకండి. ఆ సీసా ముట్టుకోకండి. 'ఇవాళే మానేయండి సార్' అని నాలాగా బతిమాలకండి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన ఇప్పుడు చికిత్సకు సెలవు మీద వెళ్లారు. కోలుకోవాలనే నా కోరిక, కానీ ఆయన కింద మళ్లీ పనిచేయను. నాకు వేరే విభాగం ఇచ్చారు.

ఇవాళ మెట్ల దగ్గర హెచ్‌ఆర్ ఆవిడ ఎదురై, "అంతా సర్దుకుంది కదా" అన్నారు. మొదటి రోజు ఆవిడ రాసుకున్న కాగితం నకలు ఇమ్మని అడిగాను. చూస్తానన్నారు. సోమవారం మళ్లీ అడుగుతాను.