తుంగ ఉన్న వైపు

నల్లగొండలో పుట్టి పెరిగినా, పానగల్లు చెరువు కట్ట మీద ఏ పనీ పెట్టుకోకుండా మెల్లగా నడిచింది మాత్రం మొన్న దసరా సెలవుల్లోనే. మా అక్క కూతురు వచ్చింది, తొమ్మిదేళ్లది, ఎండెక్కకముందే దాన్ని వెంటేసుకొని పోయాను.

దీని పేరు ఉదయసముద్రం. కందూరు చోడుల కాలం నాటి చెరువు, దగ్గర్లోని ఛాయా సోమేశ్వరాలయం కూడా వాళ్ల కాలానిదే. ఇప్పుడు ఇందులో ఉండేవి వాననీళ్లు ఒక్కటే కాదు, పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన సాగర్ నీళ్లు అక్కంపల్లి మీదుగా ఇక్కడిదాకా వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లను చూస్తూ పెరిగిన జిల్లా కదా మాది, నిండిన చెరువు కనబడితే కడుపు నిండినట్టే ఉంటుంది.

రాళ్లు పేర్చిన వైపు చాలాసేపు నడిచాం. పెద్దగా ఏం కనబడలేదు. ఒక తెల్లకొంగ, మోడు మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న రెండు నీటికాకులు, అంతే. లోతు తగ్గి తుంగ, జమ్ము మొదలైన చోటుకి రాగానే ఒక్కసారిగా సందడి! నలుపు తెలుపు మచ్చల లకుముకి పిట్ట గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, నిలబడి, దబ్బున నీళ్లలోకి దూకింది. తుంగ సందున బుడుబుంగ గూడు, గూడంటే నీటి మీద తేలే నాచు కుప్ప, మమ్మల్ని చూసి ఆ పిట్ట గబగబా నాచు లాగి గుడ్ల మీద కప్పేసి బుడుంగున మునిగిపోయింది. మళ్లీ ఎక్కడ తేలుతుందా అని చూస్తూ అక్కడే నిలబడిపోయాం.

"మామా, గిదేంది? పురుగు సచ్చిపోయిందా?" అని పిల్ల పిలిచింది. తుంగ కాడను ఆరు కాళ్లతో కరుచుకొని ఉన్న ఎండు డొల్ల. వీపు మీద నిలువునా చీలిక, అందులోంచి వేలాడుతున్న సన్నని తెల్ల దారాలు, కళ్లున్న చోట గాజులాంటి పొర. చావలేదు బిడ్డా, తూనీగ అయ్యి ఎగిరిపోయింది అని చెప్పాను. నీళ్లలో పెరిగే ఆ పిల్లపురుగు రెక్కలొచ్చే వేళకి పైకి పాకాలి, పాకడానికి ఓ కాడ కావాలి.

అక్కడే థర్మకోల్ తెప్ప మీద వల తీస్తున్నాయన్ని పలకరించి, "కాకా, గీ తుంగ మీకు అడ్డం కాదా?" అని అడిగాను.

"అడ్డమెందుకైతది? కొర్రమట్ట గుడ్లు పెట్టేది గీన్నే గద సారూ" అన్నాడు.

గుర్రపుడెక్క వేరే సంగతి. అది నీళ్లంతా పరుచుకొని కిందికి వెలుతురు పోనీయదు, దాన్ని తీయాల్సిందే. కానీ చాలాచోట్ల చెరువు బాగుచేయడమంటే మిషన్ పెట్టి అంచులన్నీ గీకేయడం అయిపోయింది, గుర్రపుడెక్కతో పాటు తుంగా జమ్మూ కూడా పోతున్నాయి. కట్ట వేసుకోండి, బెంచీలు, లైట్లు పెట్టుకోండి, ఒక్క మూల మాత్రం దయచేసి అట్లనే వదిలేయండి.

పిల్ల ఆ డొల్లను ఇంటికి తెస్తానంది. కాడతో సహా తెంపబోయి, ఆగి, డొల్లను ఒక్కదాన్నే మెల్లగా ఊడదీసి దోసిట్లో పెట్టుకుంది.